ఎంజైములు – మన కర్తవ్యము

నారుమడికి విత్తనములు నానవేసి మండెకట్టు రైతు రెండు మూడు దినములలో మొలక తెల్లగా తలయెత్తుట చూచి సంతసించును. గింజలోని పిండి చక్కెరగా మారి ఆ మొలకకు ఆహారమైనదని యాతడు శాస్త్రపద్ధతిని చెప్పలేకపోవచ్చును. కాని మొలకెత్తిన రాగులు నమలి చూచినవారికెల్ల ఆ తీపి విదితమే. రాత్రి పాలలో తోడు వేసిన గృహిణికి తెల్లవారునప్పటికి పెరుగు గడ్డకట్టి యుండును. వేకువను దించిన తాటికల్లు ప్రొద్దెక్కునప్పటికి పులియును. ఈ మార్పుల నన్నిటిని నడపు పదార్థములకే ఎంజైములని పేరు. పులియబెట్టు ద్రవ్యమును మన ప్రాచీనులు కిణ్వమనిరి. కౌటిల్యుని అర్థశాస్త్రమున సురాధ్యక్షుని ప్రకరణమందు ఈ మాట కలదు. కావున కార్యము మనము చిరకాలముగా నెరిగినదే. ఆ కార్యమునకు కారణమైన పదార్థమును పట్టి, వేరుచేసి, కొలిచి, దానిచే పని చేయించుకొనుట మాత్రము ఇతర దేశములవారు మనకంటె ముందుగా నేర్చిరి. ఈ వెనుకబాటు మన వైద్యమునకును ప్రయోగశాలలకును ఎంత చేటు తెచ్చుచున్నదో, దానికి ప్రతిక్రియ యేమో పాఠకుల దృష్టికి తెచ్చుట మా యుద్దేశము.

ముందుగా ఎంజైమనగా నేమో తెలియవలెను. జీవకణములలో జరుగు రసాయనక్రియలను త్వరపరచి, తాను మాత్రము వ్యయము కాక నిలుచు పదార్థము ఎంజైము. ఇవి దాదాపుగ నన్నియు మాంసకృత్తులే. మన నెత్తుటి యెర్రకణములలో నున్న కార్బానిక్ అన్‌హైడ్రేస్ అను నొక యెంజైము అణువొక్కటి, సెకనుకు సుమారు పదిలక్షల బొగ్గుపులుసుగాలి అణువులను నీటితో కలుపగలదు. ఇట్టి సహాయమే లేనిచో మనము తిన్న యన్నము జీర్ణమగుటకు గాని, పీల్చిన గాలి యుపయోగపడుటకు గాని యొక జీవితకాలము చాలదు. ఏ యెంజైము చేయవలసిన పని దానిదే. ఒకదాని పని వేరొకటి చేయజాలదు. జర్మను రసాయనవేత్త ఎమిల్ ఫిషర్ 1894లో ఈ సంబంధమును తాళమునకును తాళపుచెవికిని పోల్చెను. ఆ యుపమానము నేటికిని ఉపకరించుచున్నది. ముందు ముందు దానితో మనకు పని కలదు.

ఈ జ్ఞానము ఒక్కనాట కలిగినది కాదు. 1833లో పేయాన్, పెర్సో అను ఇరువురు ఫ్రెంచివారు మొలకెత్తిన బార్లీ గింజలనుండి పిండిని చక్కెరగా మార్చు పదార్థమును తీసిరి. పులియుటకు సజీవమైన కణమే కావలెనని మహాశాస్త్రజ్ఞుడగు పాస్తూరు వాదించెను. 1897లో జర్మనీ దేశీయుడగు బుఖ్నరు ఈస్టును ఇసుకతో నూరి, పిండి, కణము ఒక్కటియు లేని రసమును తీసి, దానితోనే చక్కెరను పులియజేసి చూపెను. ప్రాణముతో ముడిపడినదని యనుకొన్న క్రియ గాజుపాత్రలోనికి వచ్చెను. ఆనాటినుండి జీవశాస్త్రమునకు మార్గము మారినది. పిదప అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయమున జేమ్సు సమ్నరు తమ్మకాయ జాతి చిక్కుడు గింజలనుండి యూరియేస్ అను ఎంజైమును శుద్ధిచేయ పూనుకొనెను. బాల్యము వీడకమునుపే వేటలో ఎడమచేయి పోగొట్టుకొన్నవాడతడు. సాధనసంపత్తియు స్వల్పమే. తొమ్మిదేండ్లు పాటుపడి 1926లో దానిని స్ఫటికములుగా తీసి, ఎంజైము మాంసకృత్తే యని చాటెను. ఐరోపాలోని ఉద్దండులు కొందరు నమ్మరైరి. అతనికి 1946లో నోబెలు బహుమానము లభించెను. సాధనములు తక్కువైనను దీక్ష తక్కువ కానిచో ఫలము దక్కునని ఈ కథ తెలుపుచున్నది.

వైద్యమునకు ఈ పదార్థములతో మూడు విధముల ప్రయోజనము కలదు. మొదటిది, రోగమును గుర్తించుట. కాలేయము చెడినప్పుడు దాని కణములనుండి కొన్ని ఎంజైములు నెత్తుటిలోనికి కారును. వైద్యుడు వ్రాసియిచ్చు పరీక్షలలో ఎస్.జి.ఓ.టి., ఎస్.జి.పి.టి. అను నక్షరములను చూడనివారు నేడు పట్టణములలో అరుదు. అవి ఈ యెంజైముల పేరులే. మధుమేహరోగి ఇంటనే నెత్తురు చుక్క నద్ది చూచుకొను పట్టీపైనను ఒక ఎంజైమే యుండి చక్కెరను కొలుచును. రెండవది, రోగమును మాన్పుట. మనము మ్రింగు మందులలో అనేకము ఏదో యొక ఎంజైమును పట్టి యాపుటచేతనే పనిచేయుచున్నవి. మూడవది, పరిశోధకుని చేతి పనిముట్టు. వంశధాతువగు డి.ఎన్.ఏ.ను కోయవలెనన్నను, అతుకవలెనన్నను, ప్రతులు తీయవలెనన్నను ఎంజైము లేక ఆ పని జరుగదు. వడ్రంగికి ఉలియు బాడిసయు ఎట్లో జీవశాస్త్రజ్ఞునకు ఎంజైములట్లు.

ఈ మూడింటికిని గల పరస్పరసంబంధము నెరుగుటకు మన తెలుగువాని చరిత్ర యొకటి చాలును. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరమున జన్మించెను. మద్రాసు వైద్యకళాశాలలో చదువుచు ఖద్దరు ధరించినందున ఆచార్యుని యాగ్రహమునకు పాత్రుడై, ఎం.బి.బి.ఎస్. పట్టమునకు మారుగా ఎల్.ఎం.ఎస్. పట్టముతో సరిపెట్టుకొనవలసివచ్చెనని ఆయన చరిత్రకారులు వ్రాసిరి. సోదరుడు స్ప్రూ అను జీర్ణవ్యాధికి బలియగుట ఆయన మనస్సున నాటుకొనెను. అటుపిమ్మట అమెరికాకేగి, హార్వర్డు వైద్యకళాశాలలో సైరస్ ఫిస్కెతో కలిసి పనిచేసెను. 1925లో వా రిరువురును శరీరద్రవములలోని భాస్వరమును కొలుచుటకు సులభమైన పద్ధతి నొకదానిని ప్రకటించిరి. భాస్వరమున్నచో ద్రావణము నీలమగును. నీలము ఎంత గాఢమో భాస్వర మంత యెక్కువ. చూచుటకు స్వల్పమైన విషయము. కాని శరీరమున భాస్వరమును విడదీయు ఎంజైములనేకము కలవు. అవి ఎంత పనిచేసినవో లెక్కగట్టుటకు ఈ కొలత చేతికర్రయైనది. ఆ కొలతతోనే 1927లో కండరములందలి ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏ.టి.పి. బయటపడినవి. అదే సంవత్సరమున జర్మనీలో లోమాన్ అను శాస్త్రజ్ఞుడును స్వతంత్రముగా ఏ.టి.పి.ని కనుగొనెను. ప్రాణికోటి యంతయు శక్తి నిచ్చిపుచ్చుకొను నాణెము ఈ ఏ.టి.పి. యే.

ఇంతటి పని చేసినవానికి హార్వర్డు స్థిరమైన పదవి నీయలేదు. 1940లో ఆయన లెడర్లీ ఔషధ సంస్థలో చేరెను. అచ్చట ఆయన నాయకత్వమున ఫోలిక్ ఆమ్లము సంయోగ విధానమున తయారయ్యెను. సోదరుని పొట్టనబెట్టుకొన్న స్ప్రూ వ్యాధికి అదియే మందయ్యెను. కథ అంతటితో నాగలేదు. బోస్టను నగరమున పిల్లల వైద్యుడు సిడ్నీ ఫార్బరు, నెత్తుటి పుట్టకురుపుతో బాధపడు బిడ్డలకు ఫోలిక్ ఆమ్ల సంబంధమైన పదార్థముల నిచ్చిచూడగా వ్యాధి మరింత ముదిరినట్లు తోచెను. అట్లయిన ఫోలిక్ ఆమ్లమునకు ప్రతికూలమైన దానిని ఇచ్చిన వ్యాధి తగ్గవలదా యని యాతడు యోచించెను. ఫోలిక్ ఆమ్లము వలె కనబడుచు దాని పని నడ్డగించు అమినాప్టెరిన్‌ను సుబ్బారావు బృందము చేసియిచ్చెను. 1948 జూనులో ఫార్బరు ప్రకటించిన వ్యాసమున 16 మంది బిడ్డలలో 10 మందికి గుణము కనబడినదని యున్నది. ఆ గుణము తాత్కాలికమే. అయినను అంతవరకు ఆ రోగము వచ్చిన బిడ్డకు వైద్యుడు చేయగలిగినది దాదాపు శూన్యము. ఇంచుమించు రెండు మాసములకే, 1948 ఆగస్టులో, సుబ్బారావు పరమపదించెను.

ఆ మందు శరీరమున ఎవరిని పట్టి యాపుచున్నదో ఆనాడు స్పష్టముగ తెలియదు. పదేండ్ల పిదప, 1958లో, అది డైహైడ్రోఫోలేట్ రిడక్టేస్ అను ఎంజైమును పట్టుచున్నదని తేలెను. ఫోలిక్ ఆమ్లమును పనికివచ్చు రూపమునకు తెచ్చునది ఈ యెంజైము. అది నిలిచిపోయిన కొత్త డి.ఎన్.ఏ. కట్టుబడి నిలుచును, డి.ఎన్.ఏ. లేక కణము రెండు కాజాలదు. వేగముగా పెరుగు పుట్టకురుపు కణములకు ముందుగా దెబ్బ తగులును. తాళమున దూరి, తిరుగక, పైకి రాక యుండిపోయిన దొంగచెవి వంటిది ఈ మందు. దాని తోబుట్టువగు మెథోట్రెక్సేట్ నేటికిని వాడుకలో నున్నది. కీళ్లవాతరోగులకు వారమున కొకమారు వైద్యులిచ్చునది అదియే. ఇంకను చూడుడు: మనుష్యుని యందును, రోగకారకమగు బాక్టీరియా యందును ఈ యెంజైము కలదుగాని తాళముల కూర్పు కొంచెము వేరు. ఆ భేదమును కనిపెట్టి గెర్‌ట్రూడ్ ఎలియన్, జార్జి హిచింగ్సు అనువారలు మనుష్యుని విడిచి బాక్టీరియానే పట్టు ట్రైమెథోప్రిమ్‌ను, మలేరియా పురుగును పట్టు పైరిమెథమిన్‌ను రూపొందించిరి. 1988లో నోబెలు బహుమానమున పాలుపొందిరి. ఒక్క ఎంజైమును గురించిన ఎరుక పుట్టకురుపునకు, కీళ్లవాతమునకు, సూక్ష్మజీవుల జ్వరములకు, మలేరియాకు మందులను ప్రసాదించినది. ఆ బిడ్డల వ్యాధికే నేడు మెథోట్రెక్సేట్‌తోపాటు ఆస్పరాజినేస్ అను మరియొక ఎంజైమును సూదిమందుగా నిచ్చుచున్నారు. ఒక ఎంజైము నాపుట, మరియొక దానిని ఎక్కించుట, ఇంకను పెక్కు మందులు కలిసి, మంచి వసతులు గల దేశములలో పదిమంది బిడ్డలలో తొమ్మిదిమందికి దగ్గరగా బ్రదుకుచున్నారు.

ఈ చరిత్రనుండి మనము గ్రహింపవలసినది రెండు మాటలు. భాస్వరమును కొలుచు పద్ధతి నేర్పరచునపుడు బిడ్డల పుట్టకురుపు ఎవరి తలపునను లేదు. లాభమెంత, ఎన్ని మాసములలో వచ్చునని యడిగియుండినచో ఆ పని మొదలే కాకపోయెడిది. ఇది మొదటి మాట. రెండవది మరింత కఠినము. మేధ భీమవరమున పుట్టినది; ప్రయోగశాల, జీతము, సహచరులు, కర్మాగారము మాత్రము అట్లాంటిక్ సముద్రమున కావల లభించినవి. సుబ్బారావు మనవాడని చెప్పుకొని గర్వించుట న్యాయమే. కాని ఆయన పనిచేయదగిన చోటును మనము చూపలేకపోతి మనుట అంతకంటె నిజము. నాటికి పరప్రభుత్వ మున్నదని సమాధానము చెప్పుకొనవచ్చును. 1947 పిదప ఆ సమాధానము చెల్లదు.

2020వ సంవత్సరపు మహమ్మారి ఈ లోటును అందరి కన్నులకు కట్టించినది. రోగిని పరీక్షించు ఆర్.టి.పి.సి.ఆర్. పద్ధతికి రెండు ఎంజైములు ముఖ్యము. ఒకటి ఆర్.ఎన్.ఏ.ను డి.ఎన్.ఏ.గా మార్చునది, టెమిన్, బాల్టిమోరు అనువారలు 1970లో వేరువేరుగ దానిని కనుగొనిరి. రెండవది ఆ డి.ఎన్.ఏ.ను కోట్లకొలది ప్రతులు తీయునది. ఇది వచ్చిన విధము విచిత్రము. అమెరికాలోని యెల్లోస్టోన్ వనమునందలి మరిగెడు నీటి ఊటలలో ఏ జీవులుండునో తెలిసికొనగోరి థామస్ బ్రాక్ 1960 దశకమున ఒక బాక్టీరియమును సంగ్రహించెను. ఇరువదేండ్ల పిదప దాని యెంజైమే, మంట వంటి వేడికి చెడనిదగుటచేత, ప్రతులు తీయు యంత్రమునకు ప్రాణమయ్యెను. మహమ్మారి వచ్చిననాడు దేశములన్నియు ఒక్కమారుగా ఈ రెండు ఎంజైములకును, పరీక్షకు కావలసిన ఇతర ద్రవ్యములకును ఎగబడినవి. తొలి దినములలో మనము వానిని విదేశములనుండియే తెప్పించుకొనవలసివచ్చెను. పరీక్ష జరిగినగాని రోగి యెవరో తెలియదు. రోగి యెవరో తెలియనిచో ఇంటివారిని కాపాడుటకు వీలులేదు. అమ్మువాడు అమ్మనన్ననాడు ధనముండియు ప్రయోజనము లేకపోయెను.

మన శక్తి శూన్యమని మేమనుట లేదు. హైదరాబాదునందలి కణ, అణు జీవశాస్త్ర కేంద్రము, ఆర్.ఎన్.ఏ.ను వేరుచేయు మెట్టును తప్పించి పొడిస్వాబుతోనే పరీక్షించు పద్ధతిని రూపొందించగా 2020 నవంబరులో దానికి అనుమతి లభించినది. అంతకు పూర్వమే 1989లో బెంగళూరు జీనై అను సంస్థ డి.ఎన్.ఏ.ను కోయు ఎంజైములను దేశముననే చేయుటకు పూనుకొన్నది. మందుల తయారీలో మన ఘనత లోకవిదితము. ఎయిడ్సు రోగమునకు మూడు మందులను కలిపి, మనిషికి సంవత్సరమునకు 350 డాలర్లకు ఈయగలమని 2001లో సిప్లా సంస్థ ప్రకటించెను. ధనిక దేశములలో నాటి వెల పదివేల డాలర్లకు పైమాట. ఆ మూడు మందులును ఆ వైరసు నందలి, టెమిన్, బాల్టిమోరులు కనుగొన్న జాతి ఎంజైము నాపునవే. ఆఫ్రికా ఖండమున ఎందరో దానివలన బ్రదికిరి. అయినను ఒక్క విషయము మరువరాదు. ఎంజైమును కనుగొన్నవారు, దాని నాపు నణువును తొలుత రూపొందించినవారు వేరు దేశములవారు. వండుటలో మనకు సాటిలేదు. విత్తనము మాత్రము ఎరవు.

ఇందుకు ఆక్షేపణలు చెప్పువారు లేకపోలేదు. చౌకగా దొరకుదానిని కొనక స్వయముగా చేయనేల యని కొందరందురు. కరవు రాని యేట ధాన్యము కొనుట చౌకయే. అంతమాత్రమున ఏ రైతును పొలము బీడు పెట్టుకొనడు. విజ్ఞానమునకు ఎల్లలు లేవుగదా, స్వదేశము పరదేశమను మాట యేలయని మరికొంద రడుగుదురు. ఎల్లలు లేనిది విజ్ఞానమునకే. ఎంజైముల సీసాలకు ఎల్లలున్నవి, వెలలున్నవి, పేటెంట్లున్నవి. విజ్ఞానమును లోకముతో పంచుకొనవలెనన్న మనయొద్దను పంచదగినది కొంత యుండవలెను గదా! దరిద్రదేశమునకు ముందు కూడు గావలెను, పరిశోధన తరువాత నని చెప్పువారును కలరు. క్షయ, మలేరియా, పాముకాటు, మధుమేహము – ఇవి బీదలను పీడించునవే. పాము విషమున సగము పని ఎంజైములదే. ఈ రోగములకు మన మారు పని ఇతరులు చేయుదురని యెదురుచూచుట వివేకము కాదు.

కావున మేము కోరునది యిది. మొదట ప్రభుత్వము. 2020–21 సంవత్సరపు ప్రభుత్వ లెక్కల ప్రకారము మన దేశము పరిశోధనకై వెచ్చించునది దేశాదాయమున నూటికి 0.64 వంతు మాత్రమే. దక్షిణ కొరియా నూటికి నాలుగు వంతులకు మించి వెచ్చించుచున్నది. సొమ్ము ఎక్కువగుట ఎంత ముఖ్యమో, సకాలమున నియమముగా నందుట అంత ముఖ్యము. సమ్నరునకు తొమ్మిదేండ్లు పట్టిన పనికి మూడేండ్ల గ్రాంటు ఇచ్చి, అందులోను విద్యార్థివేతనమును నెలలకొలది ఆపి, ఫలితమేదని యడుగుట తగదు.

రెండవది విశ్వవిద్యాలయములు. ప్రతులు తీయు ఆ యెంజైముపై తొలినాటి పేటెంట్ల గడువు ఏనాడో తీరినది. దానిని సామాన్యమైన బాక్టీరియాలో పెంచి శుద్ధిచేయుట నేడు మంచి కళాశాల ప్రయోగశాలకు అసాధ్యము కాదు. విశాఖపట్టణము, తిరుపతి, వరంగల్లు, హైదరాబాదు విశ్వవిద్యాలయములు తమకు కావలసిన సామాన్యపు ఎంజైములను తామే చేసికొని, చుట్టుపట్ల కళాశాలలకు పంచునట్లు ఏర్పాటు చేసినచో, విద్యార్థులకు విద్యయు అబ్బును, వ్యయమును తగ్గును. సీసా విప్పి చుక్క వేయుట నేర్చినవానికంటె ఆ చుక్కను చేయనేర్చినవాడు పరిశోధకుడగుట సులభము. యెల్లోస్టోన్ వంటి వేడినీటి తావులు మనకును కలవు. హిమాలయములందలి మణికరణము మొదలు గోదావరి లోయలోని మణుగూరు వరకు గల ఆ నీటిలో ఏ జీవులున్నవో, వాని యెంజైము లెట్టివో ఓపికతో వెదకు యువకులు కావలెను.

మూడవది ధనవంతులు. 2023లో పార్లమెంటు శాసించిన అనుసంధాన జాతీయ పరిశోధన సంస్థకు ఐదేండ్లలో 50,000 కోట్ల రూపాయలు సమకూర్పవలెనని సంకల్పించి, అందు 36,000 కోట్లు ప్రభుత్వేతర వర్గములనుండి రావలెనని తలపెట్టిరి. ఆ భారము ఎవరిది? మా పాఠకులలో పెక్కురు భూములు, వ్యాపారములు గలవారు. వారి పెద్దలు చెరువులు త్రవ్వించిరి, సత్రములు కట్టించిరి, వేదపాఠశాలలకు మాన్యము లిచ్చిరి. చెరువు త్రవ్వించినవాడు ఆ నీరు త్రాగువారి పేర్లడుగలేదు. ప్రయోగశాలకు చేయు దానమును అట్టిదే. జిల్లాకొక జీవరసాయన ప్రయోగశాలకు శాశ్వతనిధి, తెలివిగల పేదవిద్యార్థికి పదేండ్ల వేతనము – ఇట్టివి చేయగల కుటుంబములు తెలుగుదేశమున నేడు కొదువ లేవు. వివాహములకు వెచ్చించుదానిలో నొక భాగము చాలును.

సుబ్బారావువంటి మేధ మరల ఏ గోదావరీతీరపు గ్రామమునందో, ఏ పాలమూరు పల్లెయందో నేడు పాఠశాలలో కూర్చుండి యుండవచ్చును. ఆ బాలుడు గాని బాలిక గాని పెద్దయై, చేయదలచిన పనికి తావు వెదకుకొనుచు మన గడప దాటి పోకుండ చూచుట మన చేతిలోనిది. పోదలచినవారిని ఆపుమని మేము చెప్పుట లేదు. ఉండదలచినవారికి చోటు చూపుడనుచున్నాము. ఎంజైము కార్యమును త్వరపరచునే గాని లేని పదార్థమును సృజింపజాలదు. పదార్థము మన బిడ్డల యందు కలదు. దానిని త్వరపరచు పని ప్రభుత్వమును, విద్యాలయములును, ధనికులును కలిసి పూనుకొందురని మేము ఆశించుచున్నాము.